బావకు రాళ్లు, నాకు నాచు

మా బావ మంగంపేట ముగ్గురాయి గనిలో ఫోర్‌మన్. నేను కోయిలకుంట్ల జూనియర్ కాలేజీలో వృక్షశాస్త్రం చెబుతాను. మాకు పెళ్లయి ఇరవై ఆరేళ్లయింది. అందులో ఇరవై నాలుగేళ్లు ఆయన అక్కడా, నేను ఇక్కడా. మధ్యలో కొన్నేళ్లు నాకు నందికొట్కూరుకు బదిలీ అయితే మా మధ్య దూరం ఇంకాస్త పెరిగిందే తప్ప తగ్గలేదు. శనివారం సాయంత్రానికి కడప మీదుగా బస్సులు మారి వస్తాడు. సోమవారం తెల్లవారకముందే బ్యాగు భుజాన వేసుకుని పోతాడు. అత్త నా దగ్గరే ఉంటుంది. ఆమె మా నాన్నకు సొంత అక్క. నేను ఆమెకు కోడలినన్న సంగతి మా ఇద్దరికీ ఎప్పుడోగానీ గుర్తుకు రాదు. ఆయనను కూడా పెళ్లికి ముందు ఎలా పిలిచేదాన్నో ఇప్పుడూ అలాగే పిలుస్తాను.

ఇలా బతకడం మాకు కష్టమని చాలామంది అనుకుంటారు. మొదట్లో కష్టంగానే ఉండేది. తర్వాత అలవాటయింది. ఆ తర్వాత, నిజం చెప్పాలంటే, బాగానే ఉండేది. వారమంతా నా ఇల్లు, నా పుస్తకాలు, అత్తతో కబుర్లు. శనివారం వస్తే కాస్త సందడి. పండగకో పెళ్లికో వరుసగా నాలుగు రోజులు కలిసి ఉంటే అయిదో రోజుకు ఇద్దరం ఏదో ఒక పని కల్పించుకుని చెరో గదిలోకి వెళ్లేవాళ్లం.

మా అమ్మాయికి ఇది నచ్చేది కాదు. హైదరాబాదులో ఉద్యోగం చేస్తోంది. పోయిన ఏడు మా పెళ్లిరోజుకు ఫోన్ చేసి, "ఈసారి చీరలూ చొక్కాలూ కొననమ్మా. మీ ఇద్దరికీ విమానం టికెట్లు కొంటా. ఎక్కడికి పోతారో మీరే తేల్చుకోండి" అంది. నేను ఊటీ అనుకున్నాను. మహా అయితే సిమ్లా.

ఆ శనివారం బావ వచ్చి, కాళ్లు కడుక్కుని, గోడ పక్కన తన కుర్చీలో కూర్చుని ఫోన్ తీసి నా చేతికిచ్చాడు. అందులో ఒక వీడియో. చుట్టూ మట్టి గోడ, మధ్యలో తెల్లటి గులకరాళ్లు పరిచిన చిన్న ఆవరణ. ఆ గులకరాళ్ల మీద పళ్ల చెక్కతో గీసిన గీతలు. అక్కడక్కడా కొన్ని పెద్ద రాళ్లు. చెట్టు లేదు, పువ్వు లేదు, నీళ్లు లేవు. వరండాలో జనం వరసగా కూర్చుని వాటికేసి చూస్తున్నారు.

"ఇది యాడ?" అన్నాను.

"క్యోటో. జపాన్‌లో పాత రాజధాని. వెయ్యేండ్లకు పైన రాజులు ఆడనే ఉండిరంట. పోదామా మే?"

ఏడాది నుంచి డ్యూటీ దిగి క్వార్టర్‌కు పోయాక రోజూ ఈ వీడియోనే చూస్తున్నాడట. పగలంతా రాళ్లు పేల్పించి, తవ్వించి, లారీలకెత్తించి, గదికిపోయి మళ్లీ రాళ్లే చూసేవాడన్నమాట. ఆ సంగతి నాకు ఆ రోజే తెలిసింది.

పక్కనే వక్క నములుతున్న అత్త కూడా ఫోన్‌లోకి తొంగి చూసింది.

"రాళ్లు చూడనీకి ఇమానం ఎక్కల్నా? ఈడ యాడ చూసినా అవే కదరా ఉండేది."

"ఇవి తవ్వే రాళ్లు కాదుమా. కూచోని చూసే రాళ్లు."

"చూసి?"

"ఏం లే. ఊరికే చూసేదే."

అత్త కాసేపు ఆలోచించి, ఆ గీతలు ముగ్గులాగా ఉన్నాయంది. "ఇన్నేండ్లు ముగ్గురాయి తవ్వినోడు ముగ్గు చూడనీకి పోతాంటే నేనేంటికి వద్దంటా. పోండి. ఊరికే కూచోడం నీకు పుట్టినకాన్నుంచి రాదు. ఆడన్నా నేర్చుకోని రా."

ఆ వీడియో అయిపోగానే కింద ఇంకోటి వచ్చింది. అదే ఊళ్లో ఇంకో గుడి. నేల కనిపించకుండా, చెట్ల మొదళ్లను, రాళ్లను, చిన్న వంతెనను కప్పేసి, ఎక్కడ చూసినా నాచు. బావ ఫోన్ తీసుకోబోతే నేను ఇవ్వలేదు.

నా సంగతి కొంచెం చెప్పాలి. ఇన్నేళ్లుగా ప్రతి సంవత్సరం నేను పిల్లలకు ఫ్యునేరియా పాఠం చెబుతున్నాను. అది ఒక రకం నాచు మొక్క. బోర్డు మీద బొమ్మ వేస్తాను: కాండం, ఆకులు, పైన సన్నటి కాడ, కాడ చివర గుళిక. పిల్లలు అలాగే దించుకుంటారు. కానీ మా నేలలో దాన్ని ప్రాణంతో చూపించడం అంత తేలిక కాదు. మా కాలేజీ నీళ్ల ట్యాంకు కారేచోట గోడ మీద చెయ్యంత మేర నాచు ఉండేది. దాన్నే కంటికి రెప్పలా చూసుకుంటూ ఏటా కొంచెం గీకి సూక్ష్మదర్శిని కింద పెట్టేదాన్ని. ఒకసారి తనిఖీకి పెద్దవాళ్లొస్తున్నారని వాచ్‌మన్ ఆ గోడను బ్లీచింగు పౌడరుతో తెల్లగా తోమేశాడు. "ఎంత గలీజుగా ఉండె మేడం, ఇప్పుడు చూడండి" అని సంతోషంగా చూపించాడు కూడా. ఆయన్ను ఏమనగలను?

అందుకని ఆ శనివారం నేను, "పోదాం బావా" అన్నాను. ఆయన రాళ్ల కోసం ఒప్పుకున్నానని ఆయన అనుకున్నాడు.

ఆ వారంలోనే పనులు మొదలుపెట్టాం. ప్రభుత్వ ఉద్యోగులు విదేశాలకు పోవాలంటే అనుమతి తీసుకోవాలి. ఆ ఫారంలో ప్రయాణ ఉద్దేశం అన్న చోట నేను 'నాచు మొక్కలను చూడటం' అని రాశాను. మా ప్రిన్సిపాల్ చదివి, కళ్లద్దాలు సర్దుకుని మళ్లీ చదివాడు.

"మేడం, ఇట్ల రాస్తే పైనోళ్లు నన్ను పిల్చి అడుగుతారు. పర్యాటకం అని రాయండి, సాలు."

"నిజమే రాసినా సార్."

"నిజమే మేడం. నిజమైతేనే శానా ప్రశ్నలు వస్తాయి."

పర్యాటకం అని రాశాను.

వీసా పనులు చూసే ఆవిడ కడపలో ఉంటే ఒక శనివారం నేనే అటు వెళ్లాను, బావ మంగంపేట నుంచి వచ్చాడు. ఆవిడకు మా వయసే ఉంటుంది. ఒకేసారి రెండు ఫోన్లు మాట్లాడుతూ మాకు రంగుల కాగితం ఒకటి ఇచ్చింది. టోక్యో, మంచుకొండ, బుల్లెట్ రైలు, రోజుకొక ఊరు, మధ్యాహ్నం మన భోజనం.

"మాకు క్యోటో ఒక్కటి సాలమ్మా. ఆరు దినాలు" అన్నాడు బావ.

"ఒక్క ఊర్లో ఆరు దినాలా అన్నా? ఏముండాది ఆడ అంతగా?"

"రాళ్లు" అన్నాడు ఆయన. అదే క్షణాన నేను "నాచు" అన్నాను. ఆవిడ చేతిలో ఫోన్ కింద పెట్టి మా ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. తర్వాత ఇంకే ప్రశ్నా వేయకుండా కావలసిన కాగితాల జాబితా రాసిచ్చింది. అందులో ఆఖరిది పట్టిక. ఏ రోజు ఎక్కడెక్కడ ఉంటామో తేదీలవారీగా రాసి ఇవ్వాలి.

"ఎవరికి వాళ్లు రాసుకోని తెచ్చి వచ్చే ఆదివారం కలిపి చూద్దాం" అన్నాడు బావ. గనిలో అలవాటు అది. ఎవరి షిఫ్టు రిపోర్టు వాళ్లు రాస్తారు.

ఆదివారం పొద్దున ఉగ్గాని, మిరపకాయ బజ్జీలు ముందు పెట్టుకుని కాగితాలు బయటికి తీశాం. బావ కాగితం అచ్చం షిఫ్టు రిజిస్టరులాగే ఉంది. అన్ని రోజులకూ మొదటి గడిలో '5.30 లేచుట' అని ఉంది. ఆ తర్వాత మొదటి రోజు రాళ్ల తోట. రెండో రోజు కోట చుట్టూ రాతిగోడ. మూడో రోజు మళ్లీ రాళ్ల తోట. నాలుగో రోజు కొండ మీదకు రాతిమెట్లు. అయిదో రోజు ఇంకోసారి రాళ్ల తోట, 'ఎండ వేరే వైపు నుంచి పడునప్పుడు' అని పక్కన వివరణతో సహా. నా కాగితంలో ఉదయం గడులన్నిట్లో 'తొందర లేదు' అని ఉంది. కింద నాచు తోట, ఇంకో నాచు తోట, వెదురు వనం, వృక్షశాస్త్ర ఉద్యానం, ఒక పాత విత్తనాల అంగడి.

అమ్మాయి వీడియో కాల్‌లో ఉంది. "రెండూ పక్కపక్కన పెట్టి చూపించమ్మా" అంది. చదివి, వేళ్ల మీద ఏదో లెక్కపెట్టింది.

"ఈ లెక్కన మీ ఇద్దరూ కలిసేది సాయంత్రం భోజనానికే. అది కూడా రెండు రోజులు ఊరికి చెరో పక్కన తింటున్నారు."

మేమిద్దరం కాగితాలను మళ్లీ చూసుకున్నాం. నిజమే. ఎవరం కావాలని చేయలేదు. ఆయన పట్టిక రాసేటప్పుడు నేనెక్కడ ఉంటానో ఆయనకు తట్టలేదు, నేను రాసేటప్పుడు ఆయన నాకు తట్టలేదు.

అత్త బజ్జీ నములుతూ, "ఈడుంటే వారానికొక దినమన్నా కలుస్తాండారు" అంది.

అందరం నవ్వాం. కానీ ఆ మాట నన్ను ఆ వారమంతా విడిచిపెట్టలేదు. క్లాసులో చాక్‌పీసు పట్టుకున్నప్పుడు కూడా గుర్తొచ్చేది. ఆరు రోజులు ఒకే గది. ఆయన ఎన్నింటికి లేస్తాడు, లేచాక ఏం చేస్తాడు, మామూలు బుధవారం నాడు ఏం మాట్లాడతాడు? నాకు ఆయన శనివారాలూ ఆదివారాలే తెలుసు.

అమ్మాయే ఒక మార్గం చెప్పింది. అక్కడ రోజూ చాలా నడవాలి కాబట్టి ముందు ఇక్కడే రెండు రోజులు కలిసి నడిచి చూడమంది. ఒక రోజు అమ్మకు ఇష్టమైన చోట, ఒక రోజు నాన్నకు ఇష్టమైన చోట. ఆగస్టు చివర వరసగా సెలవులొస్తే శనివారం అహోబిలం, ఆదివారం గండికోట అనుకున్నాం. వానలు పడినప్పుడు ఎగువ అహోబిలం దారిలో రాళ్ల మీద నాచు పడుతుంది. పిల్లలను తీసుకుని అక్కడికే పోయేదాన్ని.

కొత్త బూట్లు వేసుకుని ఇద్దరం కొండదారి పట్టాం. కుడివైపు లోయ, అడుగున వాగు. బావ నన్ను కొండవైపు, అంటే తనకు ఎడమపక్కన నడవమన్నాడు. ముందు రాత్రి వాన పడినట్టుంది, అడవంతా తడిగా ఉంది. నడుస్తూ నడుస్తూ, వారం నుంచి మనసులో తిరుగుతున్నది అక్కడ చెప్పేయాలనిపించింది. ముఖం చూస్తూ చెప్పే మాట కాదు, నడుస్తూ చెప్పేయొచ్చు.

"బావా, ఒకటి చెప్తా, బాధపడొద్దు. ఆరు దినాలు ఒకే గదిలో అంటే నాకు కొంచెం భయంగా ఉండాది. కోపం లేదు, ఏం లేదు. ఇన్నేండ్లు ఒంటరిగా ఉండి ఉండి అట్లనే అలవాటు పడినా. ఆడికి పోయినాక నీకు నేనూ నాకు నువ్వూ విసుగొస్తే ఎట్ల అని..."

ఇంకా చాలా చెప్పాను. చెప్పడం అయిపోయాక ఆయన జవాబు కోసం చూస్తూ నాలుగడుగులు వేశాను. బావ చెయ్యెత్తి చెట్టు వైపు చూపించాడు.

"చూడు మే, ఆ కోతి పిల్లను ఎట్ల పట్టుకోనుండాదో."

నేను అక్కడే నిలబడిపోయాను. నాలుగడుగులు ముందుకు పోయాక గానీ నేను పక్కన లేనని ఆయన గమనించలేదు. వెనక్కి తిరిగి వచ్చాడు.

"ఏమైంది, కాలు నొచ్చిందా?"

"నేను చెప్పింది ఇనలేదా?"

"ఏం చెప్పినావు?"

ఆయన ముఖం చూశాను. మాట దాటేసే ముఖం కాదు. నాకు ఏదో అనుమానం వచ్చి ఎడమపక్కకు పోయి నిలబడి, మామూలు గొంతుతో, "బావా, నీ చొక్కా మీద గొంగళిపురుగు ఉండాది" అన్నాను. ఆయన వాగు వైపే చూస్తున్నాడు. కుడిపక్కకు వచ్చి అదే మాట అన్నాను. చొక్కా దులుపుకున్నాడు.

ఒక రాయి మీద కూర్చున్నాక అసలు సంగతి చెప్పాడు. ఎడమ చెవి అయిదారేళ్లుగా తగ్గుతూ వచ్చిందట. వయసులో ఉన్నప్పుడు డ్రిల్లింగు మిషన్ల పక్కన నిలబడి, చెవుల్లో పెట్టుకోమని ఇచ్చినవి జేబులో వేసుకుని తిరిగేవాడట. ఫోన్ ఎప్పుడూ కుడిచెవికే పెట్టుకుంటాడు. ఇంట్లో కుర్చీ గోడ పక్కన వేసుకునేది కూడా అందుకే. ఎడమ చెవి గోడవైపుకు పోతుంది. నేనేమో ఇన్నాళ్లూ ఆ కుర్చీ ఫ్యాను కింద ఉందని అక్కడ కూర్చుంటాడనుకున్నాను.

"ఎందుకు చెప్పలేదు?"

"వచ్చేది ఒక్క దినం. దాంట్లో చెవి గురించి ఏం చెప్పేది" అన్నాడు. తర్వాత కొంచెం సిగ్గుగా, "చెప్తే నువ్వు డాక్టరు దగ్గరికి తీస్కపోతావు. ఆదివారమంతా ఆడనే అయిపోతాది" అన్నాడు.

నాకు కోపం రావాలి. రాలేదు. ఎన్ని ఆదివారాలు, నేను పిలిస్తే పలకలేదని లోలోపల ముడుచుకుపోయానో లెక్కలేదు. ఆ మూటంతా ఆ రాయి మీద దిగిపోయినట్టయింది.

"ఇంతకీ ఏం చెప్పినావు నువ్వు?" అన్నాడు.

మళ్లీ చెప్పడం మొదటిసారికంటే కష్టమైంది. వాగు హోరులో గొంతు పెంచి, కుడిచెవి దగ్గరగా చెప్పాల్సి వచ్చింది. మెట్లు దిగుతున్న ఇద్దరు ఆడవాళ్లు కూడా విన్నట్టున్నారు, నవ్వుకుంటూ పోయారు. బావ అంతా విని, కాసేపు బూటు లేసు సర్దుకున్నాడు.

"నాకూ అదే. సోమవారం బస్సెక్కి కూచోంగానే కొంచెం హాయిగా ఉంటాది, అబద్ధమెందుకు. మంగళవారం నుంచి నువ్వు గుర్తొస్తాంటావు."

"నాకు బుధవారం నుంచి" అన్నాను.

"ఒక దినం తేడా" అని నవ్వాడు.

ఆ తర్వాత నాచు చూపించాను. నడుము వంచి, చేతి భూతద్దం ఆయన కంటికి సరిగ్గా పెట్టి, "దగ్గరికి పో, ఇంకా" అంటూ. మొదట పచ్చదనం తప్ప ఏం కనిపించడం లేదన్నాడు. తర్వాత ఉన్నట్టుండి, "దీనెమ్మ, అడవి మే ఇది. చిన్న అడవి" అన్నాడు. నా పిల్లల్లో ఎవరూ అంత బాగా చెప్పలేదు.

మర్నాడు గండికోటలో నేర్చుకునే వంతు నాది. లోయ అంచున బండ మీద కూర్చోబెట్టాడు. ఎదురుగా ఎర్రటి గోడల్లాగా నిలబడిన రాతి పొరలు, కింద పెన్న. ఏం చేయాలన్నాను. ఏమీ చేయొద్దన్నాడు. పది నిమిషాలకు నాకు కాళ్లు లాగాయి. ఇంకో అయిదు నిమిషాలకు ప్రశ్నపత్రాలు గుర్తొచ్చాయి. ఆయన మాత్రం కదలకుండా కూర్చునే ఉన్నాడు. అత్త చెప్పింది తప్పు, ఊరికే కూర్చోవడం ఈయనకు బాగా వచ్చు. మా ఇంట్లో ఎప్పుడూ కూర్చోలేదంతే. అరగంటయ్యాక పొరలు ఒక్కొక్కటే చూపిస్తూ ఏది గట్టిది, ఏది ఎక్కడ పగులుతుంది, నీళ్లు ఎక్కడ దూరతాయి అన్నీ చెప్పాడు. గనిలో తన కింది వాళ్లకు చెబుతున్నట్టే చెప్పాడు. ఆయన పని గురించి అంతసేపు నాతో మాట్లాడటం అదే మొదలు. సాయంత్రం జమ్మలమడుగులో ఆయన కడప బస్సెక్కాడు, నేను ఇంటికొచ్చాను. ఆ సోమవారమే ఫోన్ చేశాడు.

పట్టిక మళ్లీ రాశాం. ఈసారి ఇద్దరం ఫోన్ మీద, ఒకే కాగితం. పొద్దున ఎనిమిది దాకా ఆయన తిరుగుళ్లు ఆయనవి, నా నిద్ర నాది. ఎనిమిది తర్వాత కలిసే. రాళ్ల తోటకు మూడుసార్లు కాదు, రెండుసార్లు. విత్తనాల అంగడి ఉంచాం, కోట గోడ ఉంచాం. కడపలో వీసా ఆవిడ దాన్ని చూసి, "ఇప్పుడిది ఇద్దరు మనుషులు పోయే పట్టిక లెక్క ఉండాదక్కా" అంది.

నాచు తోటకు ముందుగా దరఖాస్తు పెట్టుకోవాలి. ఎవరు పడితే వాళ్లు పోయి టికెట్ కొనేది కాదు. అమ్మాయి ఆన్‌లైన్‌లో పెట్టింది. జవాబు వచ్చేదాకా నేను రోజుకు పదిసార్లు మెయిల్ చూశాను. కాలేజీ స్టాఫ్‌రూమ్‌లో చాయ్ తాగుతుంటే వచ్చింది. మూడో రోజు, ఉదయం, ఇద్దరు. పక్కనున్న లెక్కల సారుకు చూపిస్తే, "ఏందిది మేడం, ప్రమోషనా?" అన్నాడు. అవునన్నాను.

కడపలో చెవుల డాక్టరు దగ్గరికి పోయాం. బావ భయపడినట్టే ఒక ఆదివారం మొత్తం అయిపోయింది. చెవి వెనక పెట్టుకునే చిన్న మిషన్ ఇచ్చారు. మొదటి రోజు ఇంటికొచ్చాక కుర్చీలో కూర్చుని, "అమ్మ వక్క నమిలేది ఇంత గట్టిగా ఇనపడతాదా?" అన్నాడు. "ఇన్నాళ్లూ టీవీ సౌండ్ పెంచేది నేనని నామీద యేసినారు గదరా" అని అత్త అందుకుంది.

దసరా సెలవులకు బయల్దేరాం. అత్తకు తోడుగా ఆడపడుచు వచ్చింది. చెనిక్కాయల పొడి, ఎండు రొట్టెలు, ఉగ్గాని కోసం బొరుగులు అత్త మూటకట్టింది. బొరుగులు వద్దని చెప్పడానికి నాకు రెండు రోజులు పట్టింది.

క్యోటోలో మొదటి రోజు మేం చూసిందేమీ లేదు, నిద్రపోయాం. రెండో రోజు రాళ్ల తోటకు పోయాం. పదిహేను రాళ్లుంటాయి, ఎక్కడ కూర్చున్నా పద్నాలుగే కనిపిస్తాయని బావ ముందే చెప్పాడు. నేను లెక్కపెట్టాను, పద్నాలుగే. చోటు మారాను, పద్నాలుగే, కానీ వేరే పద్నాలుగు. ఇంతలో ఒక బడి పిల్లలు గుంపుగా వచ్చి ఆయన ఎడమపక్కన కూర్చుని గలగలా మాట్లాడటం మొదలుపెట్టారు. బావ నెమ్మదిగా చెవి మిషన్ తీసి జేబులో వేసుకున్నాడు.

"మరి నేను?" అన్నాను.

తన కుడిపక్కన చెక్కను చేత్తో తట్టాడు. పోయి కూర్చున్నాను. నలభై నిమిషాలు కూర్చున్నాం. నాకు ప్రశ్నపత్రాలు గుర్తొచ్చాయి, పోయాయి. ఆ తర్వాత ఏమీ గుర్తు రాలేదు.

మూడో రోజు సన్నగా వాన. నాచు తోటలోకి పోయేముందు అందరినీ కూర్చోబెట్టి ఒక ప్రార్థన అక్షరాల మీద కలంతో దిద్దమన్నారు. బావ రిజిస్టరు రాసే మనిషి కదా, ఒక్క గీత పక్కకు పోకుండా దిద్దాడు. నావి పిల్లల రికార్డుల్లాగా వచ్చాయి. లోపలికి పోయాం. ఎంత దూరం చూసినా పచ్చదనమే, అందులోనూ ఎన్ని రకాలు. ఒకచోట నక్షత్రాల్లాగా, ఒకచోట ముఖమల్‌లాగా. దారి దిగకూడదు. భూతద్దం చేతిలో పట్టుకుని ఎటూ పోలేక నిలబడితే, చేత్తో ఒక్కొక్క ఎండుటాకే ఏరుతున్న తోటమాలి ఒకాయన చూశాడు. చంకలోని చీపురుతో దారి పక్కనే ఉన్న ఒక రాతిని చూపించాడు. అక్కడ మోకాళ్ల మీద కూర్చున్నాను. సన్నటి కాడలు, కాడల చివర గుళికలు. బోర్డు మీద నేను ఇన్నేళ్లు వేసిన బొమ్మ కంటే కాడ కొంచెం వంకరగా ఉంది. బావ వెనక నిలబడి గొడుగు పట్టాడు. ఎంతసేపని అడగలేదు. లేచి చూస్తే ఆయన వీపు మొత్తం తడిసిపోయి ఉంది.

విసుగు రాలేదా అంటే, వచ్చింది. నాలుగో రోజు బస్సు ఏ పక్క ఎక్కాలన్న దాని మీద గట్టిగానే పోట్లాడుకున్నాం. ఆయన అటు, నేను ఇటు రెండు గంటలు పోయి, నదీతీరంలో ముందే అనుకున్న చోట కలుసుకున్నాం. ఇద్దరం ఒకరికొకరు తినడానికి ఏదో కొని తెచ్చుకున్నాం, రెండూ అదే చిలగడదుంప.

ఆఖరి రోజు పొద్దున విమానాశ్రయానికి పోయే రైలుకు ఇంకా టైముంది. హోటల్ వెనక సందులో నడుస్తుంటే బావ తల తడుముకుని, "జుట్టు పెరిగింది మే" అన్నాడు. ఎదురుగానే ఒక చిన్న క్షౌరశాల. రెండే కుర్చీలు, రేడియో, తెల్ల కోటు వేసుకున్న ముసలాయన. భాష తెలియదు. బావ వేళ్లతో కత్తెర ఆడించి చూపించాడు. ముసలాయన తల ఊపి, కుర్చీ తిప్పి, చెవి మిషన్‌ను రెండు చేతులతో తీసి చిన్న పళ్లెంలో గుడ్డ పరిచి పెట్టాడు.

నేను వెనక బెంచీ మీద కూర్చున్నాను. ఆయన జుట్టు కత్తిరించుకుంటుంటే చూడటం నాకు అదే మొదటిసారి. ఎప్పుడూ మంగంపేటలోనే చేయించుకుని వస్తాడు. ముసలాయన మెడ కింద రెండుసార్లు బ్రష్ ఆడించాడు, చెవుల చుట్టూ కత్తితో సున్నితంగా గీశాడు, వేడి తువ్వాలు ముఖం మీద కప్పాడు. బావ మెడ మీద ఒక పుట్టుమచ్చ ఉంది. అది ఉన్నట్టు నాకు తెలియదు.

తువ్వాలు తీశాక ముసలాయన వెనక ఒక అద్దం పట్టాడు. బావ దాన్ని చూడలేదు. ముందున్న అద్దంలో నన్ను వెతికి, "ఎట్లుండాది?" అన్నాడు.

"కుడిపక్క ఇంకొంచెం తీయమను" అన్నాను. ముసలాయనకు నా మాట అర్థమైందో, నా వేలు అర్థమైందో, నవ్వి మళ్లీ కత్తెర అందుకున్నాడు.